ఖమ్మం మెట్టు కథలు – 14: గోపన్న లెక్క, లావోయిజర్ తక్కెడ

పోయిన భాగంలో నేలకొండపల్లి విరాటరాజు దిబ్బ మీద మాట ఆపాం. నూరెకరాల చుట్టూ మట్టికోట గోడ, లోపల విహారాల పునాదులు, బావులు, నీటి తొట్లు, మహాస్తూపం, ఒక కంచు బుద్ధుడు, సున్నపురాతిలో చెక్కిన చిట్టి స్తూపం. ఇది క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల నాటి బౌద్ధ నివాసమని తవ్వకాలు తేల్చాయి. ఊరివాళ్ళకు మాత్రం అది ఇప్పటికీ విరాటుడి కొలువే, ఆ పక్కది కీచక గుండమే. వాళ్ళతో వాదన నాకెందుకు? దిబ్బ దిగి ఊళ్ళోకి వద్దాం.

నేలకొండపల్లి కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. లింగన్న, కామాంబల కొడుకు. ఆయన జ్ఞాపకంగా ఊళ్ళో భక్త రామదాసు ధ్యానమందిరం కట్టారు. ఆయన భక్తి మీద, పాట మీద పుస్తకాలు బోలెడున్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన ఉద్యోగం. గోపన్న శిస్తు వసూలు చేసే తహసీల్దారు. రోజంతా లెక్క రాసేవాడు, ఏడాది చివర ఆ లెక్క పైవాడికి అప్పజెప్పాల్సినవాడు.

కథ తెలిసిందే కనుక గబగబా చెప్పేస్తాను. గోల్కొండలో అబుల్ హసన్ తానీషా పాలన, 1672 నుంచి 1687 దాకా. పెత్తనమంతా మంత్రి మాదన్నది. గోపన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడని చెబుతారు. ఆ ప్రాపకంతో పాల్వంచ పరగణా తహసీలు చేతికొచ్చింది. భద్రాచలం ఆ పరగణాలోదే. కొండ మీద రాముడికి గుడి లేదు. వసూలైన సొమ్ము గోల్కొండ వెళ్ళకుండా గోదావరి గట్టునే ఆగిపోయింది. ఖజానాలో ఆరు లక్షలు తక్కువ తేలాయి. గోపన్నకు పన్నెండేళ్ళ చెర.

ఇప్పుడు దీన్ని భక్తుడి కంటితో కాకుండా కరణం కంటితో చూడండి. ఖజానా అడిగింది ఒక్కటే ప్రశ్న: సొమ్ము ఎక్కడికి పోయింది? నిజానికి ఎక్కడికీ పోలేదు. ప్రాకారమై నిలబడింది, గోపురమై లేచింది, దేవుడి ఒంటి మీద నగలై మెరిసింది. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన వినే ఉంటారు. రాగం పక్కన పెట్టి చదివితే అది ఖర్చుల పద్దు. ఎవరికి ఏ పతకం చేయించాడో, దానికెంత అయిందో, పదివేల చొప్పున ఒక్కొక్కటీ చెప్పుకుపోతాడు. చెరసాలలో ఉన్న తహసీల్దారు అంతకంటే పక్కా లెక్క ఎలా ఇస్తాడు? చిక్కల్లా పొలిమేర దగ్గర వచ్చింది. గోల్కొండ ఖజానా గది చుట్టూ గీత గీస్తే ఆరు లక్షలు మాయం. అదే గీతను పాల్వంచ పరగణా చుట్టూ గీస్తే ఒక్క వరహా కూడా మాయం కాలేదు.

ఇక ఐతిహ్యం. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు జవాన్లు అర్ధరాత్రి తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షలూ చెల్లించి రసీదు పుచ్చుకున్నారట. ఆ రసీదు గోపన్న దిండు కింద దొరికిందట. చిన్నప్పుడు ఈ కథ వింటే ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు వింటే ఇంకో సంగతి తడుతుంది. రాముడంతటివాడు తానీషా కలలోకి వచ్చి ‘ఆ బాకీ కొట్టెయ్’ అని ఉండొచ్చు. అనలేదు. నాణేలు పోసి, తూచి, లెక్కపెట్టి రసీదు తీసుకున్నాడు. దేవుడైనా లెక్క కట్టాల్సిందే తప్ప కొట్టేయడానికి లేదని మనవాళ్ళకు గట్టి నమ్మకం ఉన్నట్టుంది.

గోపన్న పోయిన వందేళ్ళలోపే ప్యారిస్‌లో ఇంకో శిస్తు వసూలుదారు ఇదే పంతం రసాయన శాస్త్రంలో పట్టాడు. ఆంత్వాన్ లావోయిజర్, 1743లో పుట్టాడు. 1768లో, ఇరవై అయిదేళ్ళకే, ‘ఫెర్మ్ జెనరాల్’ అనే కంపెనీలో వాటా కొన్నాడు. హైదరాబాదు సంస్థానం సంగతి తెలిసినవాళ్ళకు ఇది అర్థం కావడానికి ఒక్క మాట చాలు: ఇజారా. రాజుకు ముందే ఇంత అని కట్టి, ఉప్పు మీద, పొగాకు మీద, నగరంలోకి వచ్చే సరుకు మీద పన్నులు తామే పిండుకునే ఇజారాదార్లు. జనం వాళ్ళను ఎంత ప్రేమించి ఉంటారో మీరే ఊహించుకోండి. పగలు ఇజారా లెక్కలు, పొద్దున్నే కాసేపు, రాత్రి కాసేపు ప్రయోగశాల. పక్కన కూర్చుని పరిశీలనలు రాసిపెట్టింది భార్య మరీ ఆన్. ఆయన పుస్తకానికి పరికరాల బొమ్మలు గీసిందీ ఆమే. ఆమె తండ్రి పోల్జ్ కూడా ఇజారాదారే. ఇంటిల్లిపాదికీ జమాఖర్చు తెలుసన్నమాట.

ఆ జమాఖర్చునే లావోయిజర్ కుప్పెల్లోకి, కొలిమిలోకి తీసుకుపోయాడు. మార్పుకు ముందు తూచు, తర్వాత తూచు. రెండూ సరిపోవాలి. సరిపోలేదంటే పదార్థం మాయమైందనో కొత్తగా పుట్టిందనో అనకు, నీ పద్దులో ఏదో రాయడం మరిచిపోయావు. తొమ్మిదో తరగతి పిల్లలు ద్రవ్యనిత్యత్వ నియమం అని చదివేది ఇదే. రసాయన సమీకరణం తుల్యం చేయమని మాస్టారు అడిగేది ఇందుకే. తుల్యం అన్న మాట తుల నుంచి వచ్చింది, తుల అంటే తక్కెడ. సమీకరణానికి అటూ ఇటూ రెండు పళ్ళేలు.

చెబితే తేలికగా ఉంటుంది. అదే అసలు ఇబ్బంది. మా బళ్ళో ఒకసారి కాగితం కాల్చి చూపించి ‘ఏమీ తగ్గదు’ అన్నారు. చేతిలో మిగిలింది చిటికెడు బూడిద. ‘మరి ఇదేంటి సార్?’ అన్నందుకు నన్ను బెంచీ ఎక్కించారు. నా ప్రశ్న తప్పేమీ కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. యూరప్ పండితులకు వందేళ్ళు పైనే పట్టింది కనుక పెద్దగా సిగ్గుపడను.

వాళ్ళను తిప్పలు పెట్టింది బూడిద కాదు, తగరం. కట్టె కాలిస్తే బరువు తగ్గుతుంది, లోహం కాలిస్తే పెరుగుతుంది. మన వైద్యులు వంగభస్మం చేస్తారు కదా, తగరాన్ని గాలి తగిలేలా పూర్తిగా భస్మం చేస్తే వంద గ్రాములది దాదాపు 127 గ్రాములు తూగాలి. అగ్నికి ఆహుతి అయినది బరువెక్కడం ఏమిటి? 1630లో ఫ్రాన్సు వైద్యుడు ఝాన్ రే అది గాలి చేరడం వల్లే అన్నాడు, ఎవరూ చెవిన పెట్టలేదు. 1673లో రాబర్ట్ బాయిల్ తగరాన్ని గాజు పాత్రలో పెట్టి మూతి కరిగించి మూసి కాల్చాడు. బరువు పెరిగింది. గాజు గోడల్లోంచి నిప్పు కణాలు దూరి లోహానికి అంటుకున్నాయని రాశాడు. అంతటి బాయిల్ ఎక్కడ తప్పాడు? పాత్ర తెరిచి తూచాడు. తెరిచినప్పుడు బయటి గాలి బుస్సుమని లోపలికి పోవడం ఆయన చెవులారా విన్నాడు కూడా. విన్నది పద్దులో రాయలేదు.

లావోయిజర్ 1774లో అదే ప్రయోగం చేశాడు. కాల్చాడు, చల్లార్చాడు, మూత తెరవకముందే తూచాడు. రవ్వంత తేడా లేదు. అప్పుడు తెరిచాడు. గాలి లోపలికి దూసుకుపోయింది, బరువు పెరిగింది. ఆ పెరిగింది ఎంతో, తగరం భస్మమై పెరిగింది సుమారుగా అంతే. లోపలి గాలిలో కొంత భాగాన్ని తగరం పట్టేసుకుంది, ఖాళీ అయిన ఆ చోటును బయటి గాలి నింపింది. నిప్పు కణాలూ లేవు, మాయా లేదు. రష్యాలో లొమొనోసోవ్ 1756లోనే ఇలా మూసిన పాత్రను తూచి చూశాడు, కానీ ఆ మాట పడమటి దేశాలకు చేరలేదు. పాత్రకు మూత బిగించడమంటే పొలిమేర గీయడమే. బాయిల్ పొలిమేర దాటి వచ్చినవాణ్ణి లెక్కలో చేర్చలేదు. తానీషా పొలిమేర దాటి వెళ్ళినదాన్ని లెక్కలో చేర్చలేదు.

మనం మళ్ళీ దిబ్బ దగ్గరికి పోవాలి. అక్కడ మనకు తెలిసిన వస్తువొకటి ఉంది, సున్నం.

నేలకొండపల్లిలో దొరికిన రాతి బుద్ధ విగ్రహాలు సున్నపురాతివి. కృష్ణా లోయలో ఆ కాలపు ఇటుక స్తూపాలకు పైన సున్నపు పూత పూసే అలవాటు ఉండేది. విగ్రహం చెక్కిన శిల్పికి, పూత పూసిన పనివాడికి కావలసింది ఒకే రాయి. ఒకడు రాయిని రాయిగా వాడుకున్నాడు. రెండోవాడి రాయి బట్టీకి పోయి, చాలా దూరం తిరిగి, మళ్ళీ రాయై గోడెక్కింది. ఆ ప్రయాణాన్ని కాటా మీద చూద్దాం.

మట్టీ మశానం కలవని శుద్ధమైన సున్నపురాయి వంద కిలోలు బట్టీలో పేర్చాం అనుకోండి. రాత్రీ పగలూ మంట పెడితే చివరికి చేతికొచ్చే పొడిసున్నం 56 కిలోలు. రాయి ఆకారం అలాగే ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే తేలిక. మిగతా 44 కిలోలు పొగతో పాటు లేచిపోయాయి, కానీ అది పొగ కాదు. కంటికి కనబడని బొగ్గుపులుసు వాయువు. బట్టీ కాల్చేవాడికి సగం బరువు పోతుందని అనుభవంలో తెలుసు. ఎక్కడికి పోతుందో చూపించినవాడు స్కాట్లండ్ వైద్యుడు జోసెఫ్ బ్లాక్. 1756లో ఆయన అచ్చు వేసిన ప్రయోగాలు సుద్దకూ సున్నానికీ ఉన్న తేడా అంతా ఆ వాయువేనని తక్కెడతో తేల్చాయి. రాతిలో గట్టిగా కట్టుబడి ఉంది కనుక దానికి ‘స్థిర వాయువు’ అని పేరు పెట్టాడు. అప్పటిదాకా సున్నానికి ఘాటు మంటలోంచి వస్తుందని అనుకునేవాళ్ళు. బ్లాక్ వచ్చి, సున్నానికి ఏదీ చేరలేదయ్యా, రాతిలోంచి ఒకటి పోయిందంతే అన్నాడు.

ఆ 56 కిలోల మీద నీళ్ళు పోయండి. కుతకుతా ఉడుకుతుంది, ఆవిరి చిమ్ముతుంది, పెళ్ళలు పగిలి పిండి అవుతాయి. ఆవిరైపోయింది పోగా సున్నం తనలోకి తీసుకునే నీరు 18 కిలోలు. తడిసున్నం ఇప్పుడు 74. ఇసుక కలిపి గానుగలో వేసి ఎద్దుతో తిప్పి, గోడకు పూశారు. పూత ఆరిందంటాం. ఆరడం అంటే నీరు పోవడం ఒక్కటే కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లమెల్లగా పూతలోకి దిగుతుంది, ఏళ్ళ తరబడి. పూర్తయ్యేసరికి 44 కిలోలు లోపలికి, 18 కిలోల నీరు బయటికి. 74కు 44 కలిపి 18 తీసేయండి. వంద.

బట్టీలో పోయిన బాకీ గోడ మీద కిలోకు కిలో తీరింది. గోడ మీదున్నది మళ్ళీ సున్నపురాయే. విగ్రహం రాయీ, పూత రాయీ రసాయనంగా ఒకటే. మొదటిది తన 44ను ఎప్పుడూ వదులుకోలేదు, రెండోది వదులుకుని గాలి దగ్గర తిరిగి వసూలు చేసుకుంది. పాత కట్టడాల సున్నం ఎందుకంత గట్టిదంటే బెల్లం వేశారు, కరక్కాయ వేశారు, కోడిగుడ్డు సొన వేశారు అంటాం. వేసి ఉండొచ్చు. ఆ గట్టిదనంలో పెద్ద వాటా మాత్రం ఊరికే వచ్చిన గాలిది, దాని పేరు ఎవరూ చెప్పరు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. తాంబూలం వేసుకునే ఇంట్లో సున్నపుకాయ మూత తీసి ఉంచితే పైన గట్టి పొర కడుతుంది. ఆ పొర చిన్నపాటి సున్నపురాయి. సున్నం నీటిలో కలిపి కదలకుండా ఉంచితే పైన నిలిచే సున్నపు తేటలోకి పుల్లగొట్టంతో ఊదండి, తెల్లబడుతుంది. మీ ఊపిరిలోని వాయువు రాయై దిగుతోందన్నమాట. నోట్లోకి తేట రాకుండా ఊదండి, ఘాటు.

గోపన్న కచేరీ చేసిన పాల్వంచకు పోదాం. ఆయన కాలంలో అక్కడ లెక్క వరహాల్లో జరిగేది, మన కాలంలో టన్నుల్లో జరిగింది. దేశంలో బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తీయడానికి పెట్టిన తొలి కర్మాగారం పాల్వంచలోనే, 1980లో ఉత్పత్తి మొదలైంది. ఐక్యరాజ్యసమితి సాయం కూడా ఉంది. సింగరేణి బొగ్గు దగ్గర, బయ్యారం ఇనుపరాయి దగ్గర. 2010లో ఆ సంస్థ ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది. ఇనుపరాయిలో ఇనుము ఒంటరిగా ఉండదు, ప్రాణవాయువును పట్టుకుని ఉంటుంది. శుద్ధమైన రాయి 160 కిలోల్లో ఇనుము 112, ప్రాణవాయువు 48. ఇనుము తీయడమంటే ఆ 48ని విడిపించి పంపేయడమే. ఊరికే పొమ్మంటే పోదు, దానికి ఇంకో తోడు చూపించాలి. బొగ్గులోంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ 84 కిలోలు వచ్చి దాన్ని తీసుకుపోతుంది. లోపలికి పోయింది 160, 84, కలిపి 244. బయటికి వచ్చింది ఇనుము 112, బొగ్గుపులుసు వాయువు 132. అదీ 244. ఇనుము లారీలో పోయింది, 132 కిలోలు పొగగొట్టంలో పోయాయి. లారీకి బిల్లు రాశారు, పొగగొట్టానికి ఎవరూ రాయలేదు.

ఇదే లెక్క తిరగేస్తే తుప్పు. 112 కిలోల ఇనుము గాలికీ నీటికీ వదిలేస్తే ఆ 48ని తిరిగి సంపాదించుకుని 160 అవుతుంది, దానికి తోడు నీరు కూడా పట్టుకుంటుంది. రాలిపోకుండా ఉంటే తుప్పు పట్టిన మేకు కొత్త మేకు కంటే బరువు తూగుతుంది.

సింగరేణి పేరెత్తాక బొగ్గును వదిలిపోతే బాగుండదు. 1871లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొర కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఆ కథంతా వచ్చే భాగానికి. ఇక్కడికి ఒక్క లెక్క చాలు. బొగ్గులోని కర్బనం 12 పాళ్ళు మండితే గాలి నుంచి ప్రాణవాయువు 32 పాళ్ళు పట్టుకుని 44 పాళ్ళ వాయువవుతుంది. టన్ను కర్బనం మండితే మూడు టన్నుల 600 కిలోలకు పైచిలుకు వాయువు. బొగ్గు మండి పోయిందంటాం. పోవడం కాదు, మూడున్నర రెట్లకు మించి పెరిగి పైకెక్కి కూర్చుంది. వాతావరణం వేడెక్కుతోందన్న గోలంతా తొమ్మిదో తరగతిలో మనం సరిగా రాయని ఆ పద్దు గురించే.

లావోయిజర్ ఈ నియమాన్ని ఎక్కడ రాశాడో తెలిస్తే భద్రాచలం అడవివాళ్ళు నవ్వుతారు. 1789లో వచ్చిన ఆయన రసాయన శాస్త్ర గ్రంథంలో అది ఏ లోహాల అధ్యాయంలోనో లేదు, ద్రాక్షరసం పులిసి సారా అయ్యే చోట ఉంది. ఇప్పపువ్వు నానబెట్టి కుండ మూతి కట్టి పులియబెట్టే కోయ ఇల్లాలికి ఆ నురగ, ఆ బుడగలు, ఆ వాసన తెలుసు. పువ్వులోని చక్కెర ఏమైంది? గ్లూకోజు 180 గ్రాములు పూర్తిగా పులిస్తే సారా 92 గ్రాములు, బొగ్గుపులుసు వాయువు 88 గ్రాములు. చక్కెరలో దాదాపు సగం బుడగలై పోతుంది. పులియడాన్ని ఒక సమీకరణంగా రాయవచ్చని, ఒక పక్కన రసం పెడితే ఇంకో పక్కన సారా, వాయువు వస్తాయని లావోయిజర్ అక్కడే సూచించాడు. మన తుల్య సమీకరణాలకు ముత్తాత అదే. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ అధ్యాయంలో ఆయన ఇచ్చిన విడి అంకెల్లో తప్పులున్నాయని తర్వాతివాళ్ళు పట్టుకున్నారు. మొత్తం మాత్రం సరిపోయింది. అంకెలు తప్పు, లెక్క ఒప్పు. ఇజారాదారు బుద్ధి ఎక్కడికి పోతుందని నాకు అనిపిస్తుంది కానీ, అది కొంటెతనమే. చిల్లర ఎక్కడో తప్పినా మొత్తం తప్పదన్న నమ్మకం లేకపోతే ఆయన ఆ పద్దు మొదలుపెట్టేవాడే కాదు.

నియమం నిజంగా అంత గట్టిదా అని జర్మనీలో లాండోల్ట్ పదిహేనేళ్ళ పాటు, 1908 దాకా, మూసిన గాజు గొట్టాల్లో చర్యలు జరిపి తూచాడు. కోటి పాళ్ళలో ఒక పాలు పట్టుకోగల తక్కెడకు కూడా తేడా చిక్కలేదు. ఆలోపే, 1905లో, ఐన్‌స్టీన్ వచ్చి వేడి పోతే దానితో పాటు రవ్వంత ద్రవ్యమూ పోతుందన్నాడు. ఎంతంటే టన్ను కర్బనం మండితే మిల్లీగ్రాములో మూడో వంతు పైచిలుకు. బియ్యపు గింజలో ఏ యాభయ్యో వంతో కూడా కాదు. వంట, బట్టీ, కొలిమి, కుండ, వీటన్నిటికీ లావోయిజర్ లెక్కే చాలు.

చివరికి ఇద్దరు వసూలుదార్ల మీదా లెక్క తిరగబడింది. గోపన్న సంగతి చూశాం. ఆయన్ను చెరలో పెట్టిన తానీషాను 1687లో ఔరంగజేబు పట్టుకుని దౌలతాబాదు కోటలో ఖైదు చేశాడు, ఆయన అక్కడే పోయాడు. ప్యారిస్‌లో విప్లవం వచ్చాక ఇజారాదార్లందరినీ మూసేశారు. పెట్టిన నేరాల్లో ఒకటి పొగాకు మీద. పొగాకులో నీళ్ళు కలిపి బరువు పెంచి అమ్మారని. ముందు, వెనక తూచి తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని లోకానికి నేర్పినవాడి మీద బరువు దొంగతనం కేసు! 1794 మే 8న ఇరవై ఎనిమిది మంది ఇజారాదార్లకు తలలు కొట్టేశారు. లావోయిజర్‌కు అప్పటికి యాభై ఏళ్ళు. మామ పోల్జ్ కూడా ఆ రోజే, అదే చోట. మరీ ఆన్ ఒక్కరోజులో తండ్రినీ భర్తనూ పోగొట్టుకుంది. ఇల్లూ పుస్తకాలూ పరికరాలూ జప్తయ్యాయి.

గోల్కొండలో గోపన్నను ఉంచారని చెప్పే గది ఉంది, గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణుల బొమ్మలతో. లావోయిజర్ తక్కెడలు ప్యారిస్‌లోని కళలు–వృత్తుల మ్యూజియంలో ఉన్నాయి. గోపన్నకు రసీదు బతికుండగానే దిండు కింద దొరికిందని మన కథ. ప్యారిస్‌లో రసీదు ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది. జప్తు చేసిన సామాను ప్రభుత్వం మరీ ఆన్‌కు తిరిగి పంపినప్పుడు దానితో పాటు ఒక చీటీ కూడా ఉంది. అన్యాయంగా శిక్షపడిన లావోయిజర్ గారి భార్యకు అని.